ఆలోచన వచ్చిన స్థలం

మా చిన్న వంతెనల కార్పొరేషన్‌లో సన్యాసిరావు కథ రాశాడన్న సంగతి బయటపడే నాటికి మాకెవరికీ ఆలోచనలు వచ్చే అలవాటు లేదు. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు. పరిపాలన సెక్షన్‌కి సూపరింటెండెంటుని నేను. నా కింద పనిచేసేవాళ్ళకి ఏదొచ్చినా మొదట నా బల్ల మీదకే రావాలి. ఆలోచన ఏనాడూ రాలేదు. వచ్చిన కాగితాన్ని పక్క సెక్షన్‌కి పంపేవాళ్ళం. అది తిరిగొస్తే పై సెక్షన్‌కి పంపేవాళ్ళం. రెండింటి మధ్య టీ తాగేవాళ్ళం. సంస్థ చల్లగా నడిచిపోయేది.

ఆ ఏడు మా మేనేజింగ్ డైరెక్టర్ విరూపాక్షం గారు ఏదో కొండ మీది హోటల్లో 'సృజనాత్మక పరిపాలన' అనే శిక్షణకు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. తిరిగొచ్చాక మాత్రం గదిలో కుర్చీ తీయించేసి, పెద్ద రబ్బరు బంతి తెప్పించి దాని మీద కూర్చోవడం మొదలుపెట్టారు. సంతకం పెట్టేటప్పుడు ఆయన ఊగేవారు, సంతకమూ ఊగేది. బ్యాంకు వాళ్ళు చెక్కులు వెనక్కి పంపితే, వాళ్ళకింకా శిక్షణ కాలేదని జాలిపడ్డారు.

మర్నాడే మీటింగు పెట్టారు.

"ఆలోచనే ఆస్తి," అన్నారు విరూపాక్షం గారు. "ఇకమీదట ప్రతి ఉద్యోగీ నెలకొక మౌలికమైన ఆలోచనను సమర్పించవలసి ఉంటుంది. పాత ఆలోచనలు అనుమతించబడవు. ఇతరులకు వచ్చిన ఆలోచనలైతే వారి నిరభ్యంతర పత్రం జతపరచాలి."

ఆ నెల అందరం ఆలోచనలు సమర్పించాం. తెరిచి చూస్తే అన్నింటిలోనూ ఒక్కటే ఉంది: టీ ఇంకోసారి ఇవ్వాలి. స్టోర్స్ ఆఫీసర్ చక్రధరం గారు లేచి, ఇంతమందికి ఒకే ఆలోచన రావడం సంస్థ ఐకమత్యానికి నిదర్శనమన్నారు. ఆ మాట ఎం.డి. గారికి నచ్చింది. అప్పటిదాకా సిమెంటూ ఇనుమూ లెక్కపెట్టే చక్రధరం గారిని అక్కడికక్కడే 'ఊహల సమన్వయాధికారి'ని చేసి, ఆయన చేతికి సృజన విభాగం అప్పగించారు. కాని ఆలోచనలు మాత్రం టీ దాటి రాలేదు.

అలాంటి సమయంలో ఒక ఆదివారం పత్రికలో సన్యాసిరావు కథ పడింది.

పొట్నూరు సన్యాసిరావు మా సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటు. నెమ్మదస్తుడు. ఎవరేం చెప్పినా నోరు కొద్దిగా తెరిచి పూర్తిగా వింటాడు. దాంతో ఆఫీసులో చాలామంది తమ ఇంటి గొడవలన్నీ అతనికే చెప్పేవారు. కథ ఏమిటంటే, ఇద్దరు తోడికోడళ్ళు. మూడేళ్ళుగా మాటల్లేవు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే మేకని మేపుతారు. చెప్పదలుచుకున్నదేదైనా ఇద్దరూ ఆ మేకకే చెబుతారు. చదివి మా ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ చివర్లో కళ్ళు తుడుచుకుంది. నేను కూడా చదివాను. నా కింది ఉద్యోగి కాబట్టి నవ్వలేదు.

సోమవారం ఉదయమే ఎం.డి. గారి నుంచి పిలుపొచ్చింది. అతన్ని తీసుకుని నేనే లోపలికి వెళ్ళాను. చక్రధరం గారు అప్పటికే పెన్ను తెరుచుకుని ఉన్నారు.

"ఈ కథ నీదేనా?" అన్నారు విరూపాక్షం గారు, బంతి మీద ముందుకు వంగి.

"నాదే సార్. తప్పయిపోయింది."

ఆ గదిలోకి వెళ్తే ఆ మాట అనడం మా అందరికీ అలవాటు.

"తప్పేమిటయ్యా! ఈ సంస్థ మొత్తం మీద ఆలోచన వచ్చినవాడివి నువ్వొక్కడివే. ఎక్కణ్ణించి వచ్చింది?"

"కొత్తపేట నీళ్ళ ట్యాంకు దగ్గర బస్సు కోసం నిలబడ్డాను సార్. ఇద్దరు ఆడవాళ్ళు మేకని పట్టుకుని దెబ్బలాడుకుంటున్నారు. 'మేకా, నూనె డబ్బా ఎవరు ఒలకబోసినారో అడుగే' అని ఒకామె అంటోంది. 'మేకా, సూడకుండా గుమ్మంలో ఎట్టినోళ్ళనే అడుగే' అని రెండో ఆమె. మేక పాపం అటూ ఇటూ చూస్తోంది. ఇంటికెళ్ళాక కూడా దాని మొహమే కళ్ళ ముందుంది. రాశాను."

"ఆలోచన ప్రవేశించిన సమయమున తమరు ఏ దిక్కుకు అభిముఖంగా ఉన్నారు?" అన్నారు చక్రధరం గారు.

"బస్సొచ్చే దిక్కుకి సార్."

"బస్సు వచ్చినదా?"

"రాలేదు సార్."

"ఆలస్యం ఒక కారకం," అంటూ చక్రధరం గారు రాసుకున్నారు.

విరూపాక్షం గారు బంతి మీంచి లేచారు. ఆయన కళ్ళు మెరిశాయి. "చూశారా! మనం ఇన్నాళ్ళూ మనుషుల్లో వెతికాం. మూలం మనిషిలో లేదు, స్థలంలో ఉంది. ఆ స్థలాన్ని వెంటనే స్వాధీనం చేసుకోండి."

స్థల పరిశీలనకి జీపులో వెళ్ళాం. సన్యాసిరావు చేత ఆనాటి చొక్కానే తొడిగించారు. ఆనాడు అతని టిఫిన్ క్యారియర్ ఖాళీగా ఉంది కాబట్టి, ఆనాటి కూరే వండించి, తినిపించి, ఖాళీ చేయించారు. బస్టాపులో అతను నిలబడిన చోటు చుట్టూ సున్నంతో గీత గీసి, రెండో రోజు కంచె వేసి, బోర్డు పెట్టారు: "ఆలోచన వచ్చిన స్థలము. చిన్న వంతెనల కార్పొరేషన్‌కు చెందినది. ఇచ్చట ఊరికే నిలబడరాదు."

అక్కడ ఊరికే నిలబడ్డానికే వచ్చే ప్రయాణికులు ఎండలోకి జరిగారు.

ఇక ఉద్యోగులని జట్లుగా అక్కడికి పంపడం మొదలైంది. బస్సు ఆలస్యం కావడం ముఖ్యం గనక, ఆ మేరకు సహకరించాలని డిపోకి ఉత్తరం రాశాం. అందుకు ప్రత్యేకంగా ఉత్తర్వులు అక్కర్లేదని వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు. అయినా ఒకరోజు, ఏం పొరపాటు జరిగిందో, బస్సు సమయానికి వచ్చేసింది. ఆ జట్టుకి ఆ రోజు లెక్కలోంచి తీసేశారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ కంచెలోపల, బస్సొచ్చే దిక్కుకి తిరిగి, నోరు కొద్దిగా తెరిచి నిలబడ్డాను. కాలు తిమ్మిరెక్కింది. కరెంటు బిల్లు కట్టలేదన్న సంగతి గుర్తొచ్చింది. చక్రధరం గారు దాన్ని 'గృహసంబంధమైన ఊహ' అని నమోదు చేసుకున్నారు.

నెల తిరిగినా కథ రాలేదు. విరూపాక్షం గారు మళ్ళీ మీటింగు పెట్టారు.

"లోపం ఎక్కడుంది?"

"మేక లేదు సార్," అన్నారు చక్రధరం గారు. "తోడికోడళ్ళు కూడా లేరు. స్థలం ఉన్నది గాని, సామగ్రి కొరత."

మేకకి టెండరు పిలిచారు. అందరికంటే తక్కువకి కోట్ చేసినవాడు గొర్రెని సరఫరా చేశాడు. దాన్ని వెనక్కి పంపిస్తే మళ్ళీ టెండరు పిలవాలి. అందుకని సాంకేతిక కమిటీ కూర్చుని, ఊహాప్రయోజనం దృష్ట్యా గొర్రెకీ మేకకీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. తోడికోడళ్ళని అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ నుంచి తెప్పించారు. ఇద్దరూ డిగ్రీ చదివిన చక్కటి ఆడపిల్లలు. ఒకరినొకరు అంతకుముందు ఎరగరు, ఇద్దరికీ పెళ్ళి కాలేదు. దెబ్బలాట చక్రధరం గారు స్వయంగా రాసిచ్చారు.

ప్రారంభోత్సవానికి విరూపాక్షం గారు వచ్చారు. కంచె బయట జనం మూగారు. ఒక పిల్ల కాగితం చూసి చదివింది.

"ఓ మేకా! నా తోడికోడలి నడవడి ఆక్షేపణీయముగా ఉన్నదని ఆమెకు తెలియపరచుము."

రెండో పిల్ల గొంతు సవరించుకుంది.

"ఓ మేకా! సదరు ఆరోపణ నిరాధారమని నా తరఫున బదులు చెప్పుము."

గొర్రె వాళ్ళిద్దరి వైపూ చూడలేదు. ఎం.డి. గారికి వేసిన దండ తింటోంది.

సరిగ్గా అప్పుడే బస్సొచ్చింది. అందులోంచి ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. ఒకామె వెనక తలుపునుంచి, రెండో ఆమె ముందు తలుపునుంచి. మొదటి ఆమె చేతిలో మేక తాడుంది. సన్యాసిరావు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వాళ్ళే సార్," అన్నాడు.

పెద్దామె పేరు బంగారమ్మట, చిన్నామె అచ్చియ్యమ్మట. నిజంగానే తోడికోడళ్ళట, నిజంగానే మూడేళ్ళుగా మాటల్లేవట. అదంతా తరవాత తెలిసింది. ఇద్దరూ ఎడంగా నిలబడి, కంచెలో జరుగుతున్నది విన్నారు. కాసేపటికి బంగారమ్మ మొహం ఎర్రబడింది. చేతిలో తాడు వదిలేసి చిన్నామె వైపు తిరిగింది.

"ఒసే అచ్చియ్యమ్మా! ఇది మన కతేనే! మనల్ని ఆడించీస్తన్నారే ఈళ్ళు!"

"అవునప్పా!" అంది అచ్చియ్యమ్మ. "అదీ గొర్రెతోటి!"

అన్నాక ఇద్దరూ ఆగిపోయారు. మూడేళ్ళ తరవాత ఒకరితో ఒకరు నేరుగా అన్న మాట అది. బంగారమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. మరుక్షణం ఇద్దరూ ఒకరి చెయ్యొకరు పట్టుకుని కంచె తోసుకుని లోపలికొచ్చారు.

"ఎవుడ్రా ఈ ఆట ఆడించినోడు?"

విరూపాక్షం గారికి ఆవిడ కోపం కంటే, జరుగుతున్న నష్టమే పెద్దగా కనబడింది. "ఆపండి!" అని అరిచారు. "మీరిద్దరూ నేరుగా మాట్లాడుకోరాదు! మేక ద్వారా! అంతా మేక ద్వారానే జరగాలి!"

"మా ఇంటి కోడలితో మాటాడుకోడానికి నీ పరిమిసనేటి నాకు?" అంది బంగారమ్మ. "నూనె డబ్బా గుమ్మంలో ఎట్టింది నానే. అయితే ఏటంటావిప్పుడు?"

"నాను సూసుకోనేదు గదప్పా," అంది అచ్చియ్యమ్మ మెల్లిగా.

తమ మేక తాడు పట్టుకుని, ఆ అవుట్‌సోర్సింగ్ పిల్లలిద్దరినీ "మీకేటమ్మా కర్మ, పెళ్ళైతే దెబ్బలాట మీకే వచ్చీది గదా" అని ఓదార్చి, మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. మూడేళ్ళ మాటలు కదా, మలుపు తిరిగాక కూడా వినిపిస్తూనే ఉన్నాయి. సన్యాసిరావు వాళ్ళు వెళ్ళినవైపే చూస్తూ నవ్వుతున్నాడు. అతని మొహం అంత వెలుగుతూ ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

చక్రధరం గారు రిపోర్టులో ఇలా రాశారు: "మూలాధారము సయోధ్య కారణముగా శాశ్వతముగా ఎండిపోయినది."

ఎవరో ఒకరు బాధ్యత వహించాలి. మర్నాడు సన్యాసిరావుని పిలిచి విరూపాక్షం గారు తమ నిర్ణయం చెప్పారు. అతని మాట నమ్మి సంస్థ కంచె వేసింది, గొర్రెని కొంది. కాబట్టి ఈ నెలాఖరులోగా అతను రెండో కథ ఇచ్చి, తన ఆలోచనాశక్తి యాదృచ్ఛికం కాదని నిరూపించుకోవాలి. లేదంటే కొండమీది సబ్ ఆఫీసుకి బదిలీ. అక్కడికి బస్సు లేదు, బడి అంతకంటే లేదు. అతని కూతురు పదో తరగతి. అంతేకాక, ఇకమీదట సన్యాసిరావు కలంనుంచి వెలువడే ప్రతి కాగితమూ మరే సెక్షనూ ముట్టుకోకుండా నేరుగా సృజన విభాగానికే వెళ్ళాలని ఉత్తర్వులిచ్చారు. అతని సెలవు చీటీ కూడా అక్కడికే వెళ్ళింది. భావం బాగుందిగాని ముగింపు తేలిపోయిందని తిరిగొచ్చింది.

సన్యాసిరావు చిక్కిపోయాడు. ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ తెరవకుండా కూర్చుంటే, ఏమయ్యా అన్నాను.

"ఇదివరకు బస్టాపులో నిలబడితే ఏదో ఒకటి వినబడేది సార్," అన్నాడు. "ఇప్పుడు ఎవరు నోరు విప్పినా ఇది కథవుతుందా అవదా అని చూస్తున్నాను. వాళ్ళేమంటున్నారో చెవిలో పడ్డం లేదు. నిన్న మా ఇంటి పక్క మొగుడూ పెళ్ళాం దెబ్బలాడుకుంటుంటే కాగితం పట్టుకుని గోడ దగ్గరకెళ్ళాను. వాళ్ళు నన్ను చూసి ఆపేశారు. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు."

"మీ ఆవిడేమంటోంది?"

"నీలవేణా? 'మీకు ఆలోచన ఎక్కణ్ణించి వస్తుందో నాకు తెలీదుగాని, రానప్పుడు కోపం మాత్రం నా మీదకే వస్తోంది. బదిలీ చేసుకోమనండి, కొండ మీద గాలి బాగుంటుంది. నాకు కథలొద్దు, మనిషి కావాలి. పిల్లతో సరిగ్గా మాట్లాడి వారమైంది' అంది సార్. ఆ మాట విన్నాక కూడా, ఇది కథవుతుందా అనే అనుకున్నాను. నా మీద నాకే అసహ్యమేసింది."

ఆ వారంలోనే తవిటినాయుడు వచ్చాడు. ముంతవలస అనే ఊళ్ళో ఆటో నడుపుతాడు. కాకీ చొక్కా, నడుం దాకా బురద. ఇంజనీరింగు సెక్షన్ వాళ్ళు అకౌంట్స్‌కి పంపారు, అకౌంట్స్ వాళ్ళు నా దగ్గరికి పంపారు, నేను పద్ధతి ప్రకారం ఇంజనీరింగుకి పంపబోతున్నాను. అతను విసుగెత్తి వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. ఆ బెంచీకి రెండో చివర సన్యాసిరావు కూర్చుని ఉన్నాడు. అలవాటు చొప్పున "ఏమైంది బాబూ?" అన్నాడు.

"ఏటవుతాదండి? మా గెడ్డ మీద మీ కల్వర్టు సగం కూలిపోనాది. నా ఆటో మూడుసార్లు పడిపోనాది. మొదటిసారి నాను నడుపుతుంటే పడింది, నా తప్పే అనుకున్నాను. రెండోసారి నలుగురు నెడుతుంటే పడింది, ఆళ్ళ తప్పనుకున్నాను. మూడోసారి, సూడండి, బండి ఆపీసి టీ తాగుతున్నాను. రోడ్డే జారుకోనెల్లి గెడ్డలో కలిసిపోనాది, బండి దాన్తో పాటెల్లిపోనాది. ఇంకెవుడి తప్పండి?"

సన్యాసిరావు నవ్వేశాడు. తరవాత తవిటినాయుడూ నవ్వాడు. చాలాసేపు మాట్లాడుకున్నారు. బడిపిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని గెడ్డ, అంటే ఆ ఊరి వాగు, దాటడం, వానొస్తే ఆ ఊరు అవతలే ఉండిపోవడం, అన్నీ చెప్పాడు తవిటినాయుడు. సన్యాసిరావు కాగితం తియ్యలేదు. సెలవునాడు అతనితో కలిసి ఊరికెళ్ళి, ప్యాంటు మడిచి గెడ్డలో దిగి చూసొచ్చాడు.

వచ్చి ఒక నోట్ రాశాడు. కథ కాదు, శుద్ధ ఆఫీసు నోట్. ఏ సైజు తూములు కావాలి, ఎంత సిమెంటు, ఎంత ఇసక, ఎంత కంకర, కూలీలుగా ఊరివాళ్ళే వస్తామన్నారు, పని ఏ వరసలో చెయ్యాలి. చివర ఒక వాక్యం: "పని పూర్తయిన పిదప పైన ఆటో వెళ్ళును, కింద నీరు వెళ్ళును." నాకిచ్చి, ఇంజనీరింగుకి పంపండి సార్ అన్నాడు.

నేనెలా పంపుతాను? ఉత్తర్వులున్నాయి. సృజన విభాగానికి పంపాను.

వార్షికోత్సవం నాడు, సృజన విభాగం పెట్టిన కథల పోటీలో ఆ నోట్‌కి మొదటి బహుమతి ప్రకటించారు.

న్యాయనిర్ణేతలు ముగ్గురు వేదిక మీదున్నారు. మొదటాయన రిటైరైన ప్రిన్సిపాలు. "కల్వర్టుల కార్పొరేషన్ ఒక కల్వర్టును బాగుచేస్తుందన్న ఊహే అపూర్వం," అన్నాడాయన. "నా నలభయ్యేళ్ళ సాహిత్య జీవితంలో ఇంతటి సాహసం చూడలేదు." రెండో ఆయన, సిమెంటు బస్తాలు చెప్పిన రోజుకే వచ్చి చేరే సన్నివేశంలో కన్నీళ్ళాపుకోలేకపోయానన్నారు. మూడో ఆవిడ మాత్రం నిర్మొహమాటంగా, ముగింపు కొంచెం అతిగా ఉందనీ, పైన ఆటో కింద నీరు రెండూ ఒకేసారి వెళ్ళడం పాఠకుడు నమ్మలేడనీ, ఏదో ఒకటి వెళ్తే సహజంగా ఉండేదనీ అన్నారు.

సన్యాసిరావు మైకు ముందుకెళ్ళాడు. "అయ్యా, ఇది కథ కాదండి. ఎస్టిమేటు."

హాలంతా చప్పట్లు. "గొప్ప రచయితలందరూ అలాగే అంటారు," అన్నారు విరూపాక్షం గారు గద్గదస్వరంతో. "నీ బదిలీ రద్దు చేస్తున్నాను. ఈ కథ మన సృజన సంచికలో మొదటి పేజీలో వస్తుంది. సర్వహక్కులూ సంస్థవే."

"మరి కల్వర్టు సార్?"

"అదే, అదే. ఎంత బాగా ఊహించావయ్యా!"

సంచిక అచ్చయి వచ్చిన రోజే తవిటినాయుడు వచ్చాడు. ఆ సంభాషణ నా ఎదురుగానే జరిగింది.

"మొదటి బహుమతి వచ్చింది," అన్నాడు సన్యాసిరావు, నేల చూస్తూ.

"కల్వర్టుకా?"

"కథకి."

తవిటినాయుడు సంచికని అటూ ఇటూ తిప్పి చూశాడు. తమ ఊరి పేరు అచ్చులో చూసి వేలితో తడిమాడు. "మా ఊరోళ్ళకి సదివి ఇనిపించండి బాబూ," అన్నాడు. "మా పేరు మీద ఏటి రాసినారో ఆళ్ళూ ఇంటారు."

ఆదివారం సన్యాసిరావు ముంతవలస వెళ్ళాడు. ఈసారి నీలవేణినీ కూతుర్నీ కూడా తీసుకెళ్ళాడు. బడి అరుగు మీద కూర్చుని కథ చదివాడట. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలాయన, "ఆ ఇసక కాడ మళ్ళీ సదువు బాబూ," అన్నాడు. మళ్ళీ చదివాడు. "ఇసకెంత పని? గెడ్డ నిండా అదే," అన్నాడు ముసలాయన. కంకర దగ్గరికొస్తే ఒకాయన ఇల్లు కట్టగా మిగిలింది ఉందన్నాడు. తూముల దగ్గరికొస్తే, పంచాయతీ ఎప్పుడో కొని మరిచిపోయినవి చెరుకుతోట పక్కన పడున్నాయనీ, వాటిలో కుక్కలు పడుకుంటున్నాయనీ ఆడవాళ్ళు చెప్పారు. సిమెంటు దగ్గర అందరూ ఆగారు. నీలవేణి లేచి, "మీ బహుమతి డబ్బు ఉంది కదా" అంది. అలా ఆ కథని ఆ రోజు చాలాసార్లు, ఆగి ఆగి చదవవలసి వచ్చింది. ఏ రచయితకీ అంతటి శ్రోతలు దొరికి ఉండరు.

ఆ తరవాత ప్రతి ఆదివారం వాళ్ళు కథని మొదటి పేరా నుంచి చేసుకుంటూ వచ్చారు.

ఆ వార్త ఆఫీసుకి చేరడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. విరూపాక్షం గారు చాలా నొచ్చుకున్నారు. చక్రధరం గారు మెమో తయారుచేశారు.

"సంస్థకు సర్వహక్కులూ గల కథను, సంస్థ ముందస్తు అనుమతి పొందకుండా, తాము వాస్తవముగా మార్చినట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఊహగా ఆమోదము పొందిన దానిని ఊహగానే కాపాడుట ప్రతి ఉద్యోగి విధి. సదరు వాస్తవమును తక్షణమే తొలగించి, కథను పూర్వస్థితికి ఎందుకు తేకూడదో, తమను ఉద్యోగమునుండి ఎందుకు తప్పించరాదో సంజాయిషీ ఇవ్వవలెను."

దాన్ని స్వయంగా అందజేసి, వాస్తవం ఎంతవరకు వచ్చిందో స్థల పరిశీలన చేసి రమ్మని నన్ను పంపారు.

స్కూటర్ మీద వెళ్ళాను. రాత్రి పెద్ద వాన కురిసింది. గెడ్డ ఎర్రగా, పొంగి పారుతోంది. నేను గట్టున బండి ఆపుదామనుకునేలోపే అవతలికి చేరిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే, తూముల్లోంచి నీళ్ళు గుప్పుగుప్పున దూకుతున్నాయి. తవిటినాయుడి ఆటో నిండా బడిపిల్లలతో, ఆ పైనుంచి వస్తోంది. నన్ను దాటిపోతూ హారన్ కొట్టాడు.

పిట్టగోడకి సన్యాసిరావు సున్నం వేస్తున్నాడు. నన్ను చూసి బ్రష్షు కింద పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"తప్పయిపోయింది సార్," అన్నాడు. కాని ఈసారి ఆ మాట అంటూ ఎందుకో నవ్వాడు.

మెమో జేబులోనే ఉంది. తియ్యాలి. చెయ్యి జేబుదాకా వెళ్ళింది. పిట్టగోడ మీద కూర్చున్నాను. సున్నం నా ప్యాంటుకి అంటుకుంది. అతని కూతురు గ్లాసుతో టీ తెచ్చిచ్చింది. తాగుతూ నీళ్ళ చప్పుడు విన్నాను. ఇరవయ్యారేళ్ళు కల్వర్టుల కార్పొరేషన్‌లో పనిచేశాను, కల్వర్టు కింద నీళ్ళు అలా మాట్లాడతాయని నాకు తెలీదు.

"ఏమైనా కాగితం ఉందా సార్?" అన్నాడు సన్యాసిరావు.

"లేదయ్యా. ఊరికే ఇటొచ్చాను."

ఆఫీసుకి తిరిగొచ్చి తలుపేసుకున్నాను. రిపోర్టు రాయడానికి సాయంత్రమంతా పట్టింది. రెండుసార్లు చించేశాను. మూడోసారి అదంతటదే వచ్చింది. ముంతవలస గెడ్డ దగ్గర చాలాసేపు వెతికాననీ, మోకాటిలోతు బురదలో నడిచాననీ, ఒకచోట జారిపడ్డాననీ రాశాను. ఒక ఆటో గెడ్డలో మునిగి ఉండగా చూశానన్నాను. చొక్కా తడిసి జలుబు చేసిందన్నాను. నమ్మకం కోసం ఒక జలగని కూడా పెట్టాను. చివర, సదరు ఉద్యోగి అక్కడ కనబడలేదనీ, ఆ స్థలంలో కల్వర్టు వంటిదేదీ లేదనీ రాసి సంతకం చేశాను.

చక్రధరం గారు చదివారు. విరూపాక్షం గారు చదివారు. ఫైలు మూసేశారు. కల్వర్టు లేదన్న మాటని మా కార్పొరేషన్‌లో ఒక్కరు కూడా అనుమానించలేదు.